ఆఫ్రికా సంప్రదాయ శిల్పంలో తల్లీబిడ్డ: తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యూజియంలో చూసినవాళ్లు, పుస్తకాల్లో ఫొటోలు చూసినవాళ్లు, ప్రయాణాల్లో ఒక చెక్క బొమ్మ కొనుక్కొచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాం. సహారా ఎడారికి దక్షిణాన, ముఖ్యంగా పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో చెక్కిన శిల్పాల గురించే ఈ పేజీ. ప్రాచీన ఈజిప్టు శిల్పాల్లో హోరస్‌కు పాలిచ్చే ఐసిస్, ఇథియోపియా క్రైస్తవుల మేరీమాత పటాలు వేరే సంప్రదాయాలకు చెందినవి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

"ఆఫ్రికన్ తల్లీబిడ్డ" అని ఒక శైలి ఉందా?

లేదు. మాలిలో బమానా, డోగాన్, కోట్ దివ్వార్ (ఐవరీ కోస్ట్) ఉత్తర భాగంలో సెనుఫో, ఘనాలో ఆసాంతే, నైజీరియా నైరుతిలో యోరుబా, కాంగో నది ముఖద్వారం దగ్గర యోంబే, ఇంకా లోపల కసాయ్ నది ప్రాంతంలో లులువా. వీళ్ల భాషలు వేరు, కొలుపులు వేరు, చెక్కే తీరు వేరు. శిల్పం కింద "ఆఫ్రికా, చెక్క" అని మాత్రమే రాసి ఉంటే దానివల్ల మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఏ జాతివాళ్లది, ఏ ఊరి చుట్టుపక్కలది, ఎవరి దగ్గర ఉండేది, ఏ పనికి బయటికి తీసేవాళ్లు అన్నవి తెలిస్తేనే బొమ్మ అర్థమవుతుంది. అన్నిటికన్నా చివరిది ముఖ్యం. ఈ శిల్పాల్లో చాలావాటికి ఒక పని ఉండేది. ఇంట్లో అందానికి పెట్టుకోవడానికి చేసినవి కావు.

తల్లి బిడ్డ వైపు చూడదేం? ప్రేమ లేనట్టు కనిపిస్తుంది.

అందరూ అడిగే ప్రశ్న ఇదే. చాలా శిల్పాల్లో తల్లి వీపు నిటారుగా ఉంటుంది, చూపు ఎదురుగానో, కొంచెం కిందికి వాలో ఉంటుంది. బిడ్డ ఒళ్లోనో వీపు మీదో ఉన్నా ఆమె ముఖం అటు తిరగదు. ఇది ఒక క్షణంలో కలిగిన మురిపాన్ని చూపించే బొమ్మ కాదు. పిల్లలు పుట్టి, వంశం నిలిచి, దానివల్ల సమాజంలో ఒక స్థానం దక్కిన స్త్రీని చూపించే బొమ్మ. ఆమె చూపు తన ముందు నిలబడ్డవాళ్ల మీద ఉంటుంది. బిడ్డ కావాలని మొక్కుకోవడానికి వచ్చిన స్త్రీయో, ఊరి పెద్దలో, దీక్ష తీసుకుంటున్న కుర్రాళ్లో ఆ ఎదుటివాళ్లు.

నెమ్మది, నిబ్బరం, ముఖంలో భావం బయటపడకుండా ఉండటం ఈ సమాజాల్లో చాలాచోట్ల పెద్దరికానికి గుర్తు. అందుకే ముఖం అలా ఉంటుంది. బిడ్డ కూడా చంటిబిడ్డలా బొద్దుగా ఉండదు. తల్లికి చిన్న నకలులా, అవే పోలికలతో ఉంటుంది. అది ఫలానా పాపో బాబో అని చెప్పడం శిల్పి ఉద్దేశం కాదు, ఆ వంశంలో వచ్చే తరం అని చెప్పడమే.

ప్రేమను చూపించేవి లేవని కాదు. తల్లి చేయి బిడ్డ వీపును పట్టుకున్న చోట వేళ్లు ఎలా చెక్కారో చూడండి. చాలాసార్లు ముఖంలో లేనిది అక్కడ ఉంటుంది.

ఈ తల్లి దేవతా?

కొన్నిచోట్ల అవును, ఎక్కువచోట్ల కాదు. నైజీరియాలో ఓవెరీ చుట్టుపక్కల ఇగ్బోలు భూదేవి ఆలా కోసం మట్టితో కట్టే ంబారి మండపాల్లో, ఒడిలో బిడ్డతో కూర్చున్నది దేవతే. యోరుబా గుడుల్లో బిడ్డను ఎత్తుకుని మోకరిల్లిన స్త్రీ దేవత కాదు, ఆ గుడి దేవతను కొలిచే భక్తురాలు. బమానా వాళ్ల గ్వండుసు అసాధారణమైన శక్తి ఉన్న మాతృమూర్తి. సెనుఫోల పోరో సంఘంలో "పురాతన మాత" అనే భావన ఉంది. కుర్రాళ్లు ఏళ్ల తరబడి దీక్షలో ఉండి నేర్చుకునే విద్యను ఆ తల్లి ఇచ్చే పాలుగా చెబుతారు. కాబట్టి పాలిచ్చే సెనుఫో శిల్పం కేవలం సంతానానికి సంబంధించింది కాదు, చదువుకు సంబంధించింది కూడా.

అమ్మేవాళ్లు ప్రతిదానికీ "సంతాన దేవత" అని చీటీ అంటిస్తారు. దాన్ని నమ్మకండి.

గ్వండుసు అంటే ఎవరు? అంత పేరెందుకు?

దక్షిణ మాలిలో బుగుని, జొయిలా ప్రాంతాల బమానా గ్రామాల్లో జో అనే దీక్షా సంఘం, దానికి అనుబంధంగా కొన్ని ఊళ్లలో గ్వాన్ అనేదీ ఉండేవి. గర్భం నిలవని స్త్రీలకు, పుట్టిన బిడ్డలు దక్కని స్త్రీలకు సాయపడటం గ్వాన్ పని. ఆ సంఘం దగ్గర ఒక్క శిల్పం కాదు, ఒక గుంపే ఉండేది. నడుమ బిడ్డతో కూర్చున్న గ్వండుసు, ఆమెకు జోడీగా గ్వంటిగి అనే పురుషుడు, చుట్టూ పరిచారకుల బొమ్మలు. మామూలుగా ఇవి ఎవరికీ కనబడకుండా ఉండేవి. ఏడాదికోసారి బయటికి తీసి, కడిగి, నూనె పట్టించి, పూసలూ బట్టలూ అలంకరించి అందరి ముందు పెట్టేవాళ్లు. మొక్కుకున్నాక బిడ్డ పుట్టినవాళ్లు మళ్లీ వచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న గ్వండుసు ఎత్తు సుమారు 1.2 మీటర్లు. పశ్చిమ ఆఫ్రికా చెక్క శిల్పాల్లో ఇది చాలా పెద్దదే. దగ్గర నుంచి చూస్తే రెండు విషయాలు కళ్లకు కడతాయి. ఆమె తలమీద తాయెత్తులు కుట్టిన టోపీ ఉంది, మోచేతికి పైన కట్టుకున్న కత్తి ఉంది. ఆ రెండూ ఆ సమాజంలో వేటగాళ్లవి, అంటే మగవాళ్లవి. పొట్టను రెండు చేతులతో పట్టుకుని ఒడిలో ఉన్న బిడ్డ, దండచేతికి కత్తి ఒకే మనిషి మీద పెట్టారు. బిడ్డను కనడం కూడా వేటంత ప్రమాదమున్న, ధైర్యం కావలసిన పని అని ఆ శిల్పి చెప్పిన తీరు ఇది. మాతృత్వం మీద ఇంత గట్టి మాట చెప్పిన శిల్పాలు ప్రపంచంలో ఎక్కడైనా అరుదే.

యోంబే శిల్పాల్లో ఒళ్లో ఉన్న బిడ్డ నిద్రపోతోందా, చనిపోయిందా?

కాంగో నది ముఖద్వారానికి ఉత్తరాన ఉన్న మయోంబే అడవి ప్రాంతం యోంబేలది. వీళ్ల తల్లీబిడ్డ శిల్పాలను పెంబా అంటారు. చాలావరకు 20 నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తు. తల్లి ఒక దిమ్మె మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటుంది. నెత్తిన కుచ్చు టోపీ, అరిగించి మొన తేల్చిన పళ్లు, భుజాల మీదా వీపు మీదా కత్తిగాట్లతో వేసుకున్న నగిషీ, మెడలో పూసలు. ఇవన్నీ గొప్పింటి స్త్రీ గుర్తులు. కళ్లకు కొన్నిసార్లు గాజు ముక్కలు పొదిగేవాళ్లు. గాజు కళ్లు పెడితే కనబడని లోకాన్ని చూడగలదని.

బిడ్డ సంగతికొస్తే, కొన్నిటిలో పాలు తాగుతూ ఉంటుంది. కొన్నిటిలో ఒళ్లో వెల్లకిలా, కదలిక లేకుండా ఉంటుంది. చనిపోయిన బిడ్డ అని కొందరు, ఇంకా ఈ లోకానికి రాని జీవం అని కొందరు పండితులు అంటారు. కాంగో జనాల నమ్మకంలో చనిపోయినవాళ్ల లోకానిదీ తెల్ల సుద్దదీ ఒకే రంగు. పుట్టేవాళ్లు వచ్చేదీ అక్కడి నుంచే. అందుకే "బతికుందా, లేదా" అని తేల్చుకోవాల్సిన అవసరం ఆ శిల్పం ముందు కూర్చున్నవాళ్లకు మనకున్నంతగా ఉండకపోవచ్చు. తల్లి ద్వారా వంశం లెక్కించే సమాజం అది. అక్కడ స్త్రీ విగ్రహం అంటే ఆ కుటుంబ పునాదే.

లులువా బొమ్మ అడుగు సన్నగా మొనలా ఉంటుంది. విరిగిందా?

విరగలేదు. చిన్న లులువా బొమ్మలను నేలలోనో, మందు సామగ్రి ఉన్న కుండలోనో గుచ్చి నిలబెట్టేవాళ్లు. వీటిని బ్వాంగా బ్వా చిబోలా అనే కొలుపులో వాడేవాళ్లు. గర్భస్రావాలతో, పసిబిడ్డల మరణాలతో కుంగిన స్త్రీ ఆ కొలుపులో చేరి, కొన్ని నియమాలు పాటిస్తూ, ఈ బొమ్మను దగ్గర పెట్టుకునేది. బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్నది సుమారు 36 సెంటీమీటర్లే, కానీ మెడ మీదా ముఖం మీదా పొట్ట మీదా గాట్ల నగిషీ ఒక్క గీత తడబడకుండా ఉంటుంది. బొడ్డును పెద్దగా, ఉబ్బెత్తుగా చెక్కుతారు. తల్లికీ బిడ్డకూ ఉన్న బంధం అక్కడే కదా. చర్మం నునుపుగా మెరవాలి, ఎందుకంటే ఆరోగ్యమైన ఒళ్లు మంచి నడవడికకు కూడా గుర్తు అని వాళ్ల లెక్క. ఎర్రమట్టి, నూనె పూస్తూ ఉండేవాళ్లు కాబట్టి ఆ మెరుపు వచ్చింది.

అకువాబా కూడా తల్లీబిడ్డ బొమ్మేనా?

గుండ్రని పళ్లెం లాంటి తల, రింగులున్న మెడ, అడ్డంగా చాచిన చిన్న చేతులు. ఆసాంతేల అకువాబా ఘనాకు గుర్తుగా దేశదేశాలా తిరిగింది. ఇందులో ఉన్నది బిడ్డ మాత్రమే. సంతానం లేని అకువా అనే స్త్రీ పూజారి సలహాతో ఒక చెక్క పాపను చేయించుకుని, నిజమైన బిడ్డలా వీపున కట్టుకు తిరిగి, చివరికి కూతుర్ని కన్నదని కథ. అప్పటినుంచి బిడ్డ కోరుకునే స్త్రీలు అలాగే చేసేవాళ్లు. వీపున కట్టుకోవడం, స్నానం చేయించడం, పూసలు వేయడం, కోరిక తీరాక గుడిలో ఇచ్చేయడం. అంటే తల్లి చెక్కతో చేసింది కాదు, ఆ బొమ్మను మోస్తున్న మనిషే. ఆ మనిషి లేకుండా గాజు పెట్టెలో నిలబెట్టిన అకువాబా సగం శిల్పమే.

ఇవి దాదాపు ఎప్పుడూ ఆడపిల్ల బొమ్మలే. వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది కాబట్టి ఆడబిడ్డే కావాలి. ఆసాంతేలు వేరుగా, పీఠం మీద కూర్చుని పాలిచ్చే తల్లి బొమ్మలూ చెక్కారు. రాజమాత హోదాకు ఆ పీఠం గుర్తు.

యోరుబా బొమ్మల్లో బిడ్డ వీపున ఎందుకు ఉంటుంది?

అక్కడ తల్లులు బిడ్డను మోసేదే అలా, ఓజా అనే గుడ్డతో నడుముకు బిగించి. ముందువైపు చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి శిల్పి వాటికి ఒక గిన్నె ఇస్తాడు. ఆమె మోకాళ్ల మీద ఉండి గిన్నె పట్టుకుంటే దేవతకు నైవేద్యం ఇస్తున్నదని. మోకరిల్లడం యోరుబాల్లో గౌరవానికి పరాకాష్ఠ. రాజభవనాల వసారా స్తంభాల మీద కూడా ఈ తల్లి ఉంటుంది, పక్క స్తంభం మీద గుర్రపు రౌతు. రాజ్యాన్ని నిలబెట్టేవి రెండూ అవేనన్నమాట.

తల మొత్తం ఎత్తులో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. కొలత తెలియక కాదు. మనిషి రాత తలలో ఉంటుందని వాళ్ల నమ్మకం, ఆ తలకు ఓరీ అని పేరు పెట్టి పూజిస్తారు. ఏది ముఖ్యమో అది పెద్దగా ఉంటుంది.

రొమ్ములు కొన్నిటిలో వేలాడుతూ, కొన్నిటిలో మొనదేలి ఎందుకు?

వయసు, దశ చెప్పడానికి. మొనదేలినవి పెళ్లీడును, నిండు యవ్వనాన్ని చెబుతాయి. జారినవి ఎందరికో పాలిచ్చిన తల్లిని చెబుతాయి. గినియా తీరంలో బాగా జాతివాళ్ల ద్‌ంబా అనే భుజాల మీద మోసే భారీ ముసుగుకు రొమ్ములు చదునుగా, పొడుగ్గా కిందికి జారి ఉంటాయి. బాగా జాతివాళ్ల కళ్లకు అదే ఆమె గొప్పతనం. ఆమె దేవత కాదు, నిండు జీవితం గడిపిన స్త్రీ ఎలా ఉండాలో చూపే ఆదర్శం. దీన్ని లైంగికంగా చూడటం బయటివాళ్ల అలవాటు.

ఎలా చెక్కుతారు? ఎక్కడ చెడుతుంది?

ఒకే దుంగ. కొండపల్లి బొమ్మలా చేతులూ కాళ్లూ విడిగా చెక్కి మక్కుతో అతికించడం ఉండదు. పనిముట్లు గొడ్డలి, రెండు మూడు రకాల బాడిసలు, ఉలి, కత్తి. పచ్చి చెక్క మెత్తగా తెగుతుంది కాబట్టి చెట్టు కొట్టిన కొద్ది రోజుల్లోనే పని మొదలెడతారు.

యోరుబా శిల్పులు పనిని నాలుగు దశలుగా చెబుతారు. మొదట ఓనా లీలే: బాడిసతో తల, మొండెం, కాళ్లు అనే పెద్ద ముద్దలు తీయడం. తర్వాత అలెతున్లే: ఆ ముద్దల్లోంచి ముఖం, చేతులు, బిడ్డ, గిన్నె విడదీయడం. మూడోది దీదాన్: ఉలితో, కత్తితో ఉపరితలం నునుపు చేయడం. చివరిది ఫీఫీన్: జడల గీతలు, గాట్లు, పూసలు కోయడం. కొలతలు తప్పితే మొదటి దశలోనే తప్పుతాయి. తీసేసిన చెక్క తిరిగి రాదు.

చేతులు ఒంటికి ఆనుకుని ఎందుకుంటాయో కూడా చెక్కే చెబుతుంది. నార నిలువుగా ఉంటుంది. చేయి అడ్డంగా చాచితే నార పొట్టిదై చిన్న దెబ్బకే విరుగుతుంది. పాత శిల్పాల్లో ముందు పోయేవి బిడ్డ మెడ, బిడ్డ కాలు, తల్లి కొప్పు కొస. దుంగ వెడల్పును బట్టే బిడ్డ ఎంత బయటికి రావాలన్నదీ తేలుతుంది. బిడ్డ తల్లికి అతుక్కున్నట్టు ఉండటానికి సగం కారణం భావం, సగం కారణం ఆ దుంగ మందం.

ఇంకో సమస్య పగులు. చెట్టు నడిమి బెండు బొమ్మ లోపల ఉండిపోతే, ఆరేటప్పుడు బయటి పొర ఎక్కువ కుంచించుకుని నిలువునా చీలుతుంది. అందుకే ఎండలో పెట్టకుండా నీడలో మెల్లగా ఆరబెడతారు.

అన్నీ నల్లగా ఉంటాయా?

ఉండవు. యోంబే, లులువా బొమ్మలకు ఎర్ర చెక్కపొడినో ఎర్రమట్టినో పామాయిల్‌తో కలిపి పూస్తారు. తెల్ల సుద్ద చాలాచోట్ల ఉంది. యోరుబాలు నీలిమందు వాడారు, తర్వాత బట్టల నీలం కూడా. డోగాన్ శిల్పాల మీద ఉన్న మందపాటి పెచ్చు, ఏళ్ల తరబడి పోసిన జొన్న, సజ్జ గంజీ ఇతర నైవేద్యాలూ ఎండి పేరుకున్నది. దాన్ని మురికి అనుకుని కడిగితే శిల్ప చరిత్రనే కడిగేసినట్టు.

శిల్పుల పేర్లు తెలుసా?

చాలావరకు తెలియవు. కారణం శిల్పులకు పేరు లేక కాదు, కొనుక్కెళ్లినవాళ్లు అడగక. తెలిసినవాళ్లలో యోరుబా శిల్పి ఇసె ఊరి ఓలొవె (మరణం 1938), ఎఫోన్ అలాయె రాజభవనానికి స్తంభాలు చెక్కిన అగ్బొన్‌బియొఫె (మరణం 1945), ఘనాలో ఓసెయ్ బోన్సు (1900–1977) ముఖ్యులు. పేరు తెలియని యోంబే శిల్పి ఒకరిని, చేతి వాటం గుర్తుపట్టి, కసాది శిల్పాచార్యుడని పిలుస్తారు.

కొన్న బొమ్మ పాతదో కాదో ఎలా తెలుస్తుంది?

మొదట అరుగుదల చూడండి. నిజంగా చేతుల్లో తిరిగిన బొమ్మ పట్టుకునే చోటే, అంటే నడుము, వీపు, బిడ్డ తల దగ్గర నున్నబడుతుంది. గడ్డం కిందా చంకలోనూ పదును అలాగే ఉంటుంది. అన్నిచోట్లా ఒకేలా అరిగితే గరుకు కాగితంతో రుద్దారు.

పురుగు రంధ్రాలు ఉంటే పాతదని కాదు. పురుగు చెక్కలోంచి బయటికి వచ్చేటప్పుడు గుండ్రని చిన్న రంధ్రం చేస్తుంది. ఉపరితలం మీద పొడుగ్గా తెరుచుకున్న కాలువలు కనిపిస్తే, ముందే పురుగు పట్టిన చెక్కను తర్వాత చెక్కారని అర్థం. బూటు పాలిష్, టీ డికాషన్, పొటాషియం పర్మాంగనేటుతో నల్లబరచడం, చెదల పుట్ట దగ్గర పూడ్చిపెట్టి తీయడం మామూలే. వాసన చూస్తే పొగ, పాలిష్ తెలిసిపోతాయి.

కార్బన్ పరీక్ష చేయిస్తే సరిపోతుందా అంటే, అది ఆ చెట్టు బతికిన కాలం చెబుతుంది, చెక్కిన రోజు కాదు. పైగా సుమారు 1650 నుంచి 1950 మధ్య కాలానికి ఫలితం అటూ ఇటూ తేలదు. ఈ శిల్పాల్లో ఎక్కువభాగం ఆ కాలానివే. అయితే 1950ల అణుపరీక్షల తర్వాత పెరిగిన చెక్కను మాత్రం తేలిగ్గా పట్టేస్తుంది. కాబట్టి కొత్త నకిలీని తేల్చడానికి పనికొస్తుంది. కాల్చిన మట్టి బొమ్మలకు థర్మోల్యూమినెసెన్స్ పరీక్ష వేరే ఉంది, చెక్కకు అది పనిచేయదు.

కొత్తదైతే తక్కువైందని కాదు. కొత్తదని చెప్పి అమ్మితే న్యాయమే.

టాంజానియా నుంచి తెచ్చిన నల్ల చెక్క తల్లీబిడ్డ సంప్రదాయమేనా?

అలాంటివి ఎక్కువగా మకొండే జాతి శిల్పులవి, 20వ శతాబ్దంలో అమ్మకానికి పెరిగిన కళ. ఒకరి మీద ఒకరు ఎక్కినట్టు కుటుంబమంతా ఒకే దుంగలో ఉండే ఉజామా స్తంభాలు వాళ్లవే. పాత మకొండే సంప్రదాయంలో గర్భిణి మొండెం ఆకారంలో చెక్కిన ముసుగు ఉంది. దాన్ని దీక్షా నృత్యాల్లో మగవాళ్లు ఒంటికి కట్టుకునేవాళ్లు.

చెక్క పేరు ంపింగో. మన జిట్రేగి ఉన్న డాల్‌బెర్జియా ప్రజాతే. అసలుదైతే నీళ్లలో మునుగుతుంది. అడుగున చిన్నగా గీరితే లోపల కూడా ముదురు రంగే ఉండాలి. తెల్ల చెక్క బయటపడితే పాలిష్ వేసిన వేరే కర్ర. 2017 జనవరి నుంచి ఈ ప్రజాతి దాదాపు మొత్తం సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. తయారైన వస్తువులకు ఒక్కో రవాణాలో ఆ చెక్క 10 కిలోల లోపు ఉంటే మినహాయింపు ఇచ్చారు. రసీదు దాచుకోండి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

నూనె, పాలిష్, తడిగుడ్డ వద్దు. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దుమ్ము దులిపితే చాలు. సుద్ద పూత ఉంటే అదీ వద్దు, తాకితేనే రాలుతుంది. గాలిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల అది సాధ్యం కాదు. అప్పుడు కనీసం ఏసీ గాలి నేరుగా తగిలే చోట, కిటికీ ఎండలో, తడి గోడకు ఆనించి పెట్టకండి. తేమ ఎక్కువ తక్కువలు ఒక్కసారిగా మారడమే పగుళ్లకు కారణం.

బొమ్మ కింద సన్నటి పొడి పడుతుంటే పురుగు బతికి ఉన్నట్టే. పొడి తుడిచి, కింద నల్ల కాగితం పరచి వారం చూడండి. మళ్లీ పడితే ఇలా చేయండి:

1. బొమ్మను పల్చటి కాగితంలో చుట్టి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, టేపుతో పూర్తిగా మూయండి.
2. మైనస్ 20 డిగ్రీలకు వెళ్లే డీప్ ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచండి. ఫ్రిజ్ పై అర సరిపోదు.
3. తీశాక సంచి విప్పకుండా కనీసం ఒక రోజు గదిలో ఉంచండి. వెంటనే విప్పితే చల్లటి చెక్క మీద నీళ్లు పట్టి రంగు పాడవుతుంది.

గాజు కళ్లు, పూసలు, అతుకులు, మందపాటి పెచ్చు ఉన్నవాటికి ఈ పద్ధతి వద్దు. మ్యూజియం పరిరక్షకులకు చూపించండి. కిరోసిన్ పోయడం, చెదల మందు కొట్టడం అసలే వద్దు, మరక పోదు.

మట్టి బొమ్మలు, దంతపు బొమ్మలు కొనొచ్చా?

నైజర్ నది లోయ, నైజీరియాలోని నోక్, ఘనాలోని కొమాలాండ్ లాంటి చోట్ల తవ్వి తీసిన మట్టి బొమ్మలు 2000లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి విడుదల చేసిన రెడ్ లిస్ట్‌లో (దోపిడీ ముప్పున్న పురావస్తువుల జాబితాలో) ఉన్నాయి. నిజమైనవైతే దొంగతవ్వకాల సొత్తయ్యే అవకాశం ఎక్కువ, కాకపోతే నకిలీవి. రెండు విధాలా కొనకూడదు. ఏ పాత శిల్పమైనా అమ్మేవాళ్లు అది ఏ దేశం నుంచి, ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితం చూపించాలి. "మా తాతగారి కలెక్షన్" అన్న మాట కాగితం కాదు.

కాంగో కర్రల పిడులకు దంతంతో చెక్కిన తల్లీబిడ్డలు చాలా అందంగా ఉంటాయి. వాటిని మ్యూజియంలోనే చూడండి. భారతదేశంలో ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం 1991 చట్ట సవరణతో నిషేధమైంది. విమానాశ్రయంలో పట్టుబడితే వస్తువు పోవడంతో ఆగదు, కేసు అవుతుంది.